గట్టు వరసలు వదిలేసి కోయమనే మా డీన్ గారు

మండె కట్టిన, అంటే నానబెట్టి మొలక కోసం గోనెలో కట్టి ఉంచిన, వడ్ల సంచి మూతి విప్పగానే ఒక వాసన కొడుతుంది. వెచ్చగా, తడి గోనె వాసన కలిసి, కాస్త తియ్యగా ఉంటుంది. మొలక అప్పుడే ముక్కు బయటపెట్టిన గింజల వాసన అది. ఒక పూట ఆలస్యమైతే అదే సంచి పులుపు వాసన వేస్తుంది. అప్పటికే లోపల వేడెక్కి కొన్ని గింజలు పోయినట్టే లెక్క. సంచిలో చెయ్యి పెట్టకుండా, వాసన చూసే ఈ తేడా చెప్పడం బాపట్ల వ్యవసాయ కళాశాలలో మా డీన్ గారి విద్య. ఆయన పోయి ఏడాది నిండింది. సంవత్సరీకం నాడు పెద్దలు మాట్లాడారు, చేసిన పదవులూ కూర్చున్న కమిటీలూ చెప్పారు. అవన్నీ నిజమే. ఆయన జేబులో పెన్సిల్ సంగతీ, కళ్లజోడు పెట్టెలో పటకారు సంగతీ మాత్రం ఎవరూ ఎత్తలేదు. నారుమళ్ల అదనులో ఆ వాసన తగలగానే మొదట గుర్తొచ్చినవి అవే.

కాగితం మీద ఆయన హోదా అసోసియేట్ డీన్. మా నోటికి డీన్ గారు. పాత ఫీల్డ్‌మ్యాన్‌లకి ప్రిన్సిపాల్ గారు. కాలేజీ పుట్టింది మద్రాసు ప్రభుత్వం రోజుల్లో, 1945లో. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడి కాలేజీ అందులో కలిశాక పిలుపులు మారాయి, పాఠాలు చెప్పే తీరు కూడా మారింది. అమెరికా కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ల సాయంతో క్రెడిట్లు, గ్రేడ్లు, పాఠం చెప్పిన మాస్టారే పేపరు దిద్దే పద్ధతి వచ్చాయి. ఈ చివరిది వింటే ఇప్పటికీ కొందరు నొసలు చిట్లిస్తారు. చేతిలో మార్కులున్న మాస్టారు ఎంత మంచివాడైతే ఆ పద్ధతి అంత మంచిది, చెడ్డవాడి చేతిలో పడితే అంతే సంగతులు. మా డీన్ గారి దగ్గర అది ఎలా ఉండేదంటే, దిద్దిన పేపర్లు క్లాసులో పంచేసి, "మార్కు తక్కువ వేశాననిపిస్తే ఎందుకో రాసి ఇవ్వండి, నోటితో చెప్పొద్దు" అనేవారు. రాసి ఇవ్వడానికి కూర్చుంటే సగం మందికి తమ తప్పు తమకే కనిపించేది. మిగతా సగంలో కొందరికి మార్కు పెరిగేది కూడా.

పొట్టి చేతుల తెల్లచొక్కా, పొలంలోకి రబ్బరు చెప్పులు, మెడలో నల్లదారానికి భూతద్దం. విద్యార్థుల్ని "మీరు" అనే పిలిచేవారు. కోపం వచ్చినప్పుడు మాత్రం "అబ్బాయ్" అనేవారు. ఆ "అబ్బాయ్" వినపడితే ఫామ్‌లో ఈ చివరనుంచి ఆ చివరదాకా అందరూ తమ చేతిలో పని ఒకసారి సరిచూసుకునేవాళ్లు.

పెన్సిల్, నోటు పుస్తకం

ఫీల్డ్ నోటు పుస్తకంలో పెన్నుతో రాయనిచ్చేవారు కాదు. పొద్దున్నే మంచులో, దమ్ము చేసిన మడిలో, చెయ్యి తడిగా ఉంటుంది. సిరా అలుక్కుపోతుంది, పెన్సిల్ గీత పోదు. అది కూడా హెచ్‌బీ. మరీ మెత్తటిదైతే పేజీ పేజీకి రాసుకుని మసకబారుతుంది. విడికాగితం మీద రాసుకుని తరవాత ఎక్కించుకుంటాం అంటే ఒప్పుకునేవారు కాదు. ఎక్కించేటప్పుడు మడులు తారుమారవుతాయి, ఆ తప్పు ఇక ఏ లెక్కలోనూ బయటపడదు.

రబ్బరు అసలే నిషేధం. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైన అంకె రాసి, పొట్టి సంతకం పెట్టాలి. కింద ఉన్న పాత అంకె చదవడానికి వీలుగా ఉండాలి. ఎందుకంటే ఒక్కోసారి మొదట రాసిందే కరెక్టు అవుతుంది.

ఇంకోటి. లెక్కపెడితే ఒక్కటీ లేకపోతే సున్నా రాయాలి. లెక్కపెట్టనే లేకపోతే అడ్డగీత పెట్టాలి. ఖాళీ వదలకూడదు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, కాండం తొలిచే పురుగు కొట్టిన తెల్ల కంకులు లెక్కపెట్టే చోట సున్నాకీ గీతకీ తేడా తెలియకపోతే సగటు మొత్తం తప్పిపోతుంది. ఏ మడిలో గేదెలు పడ్డాయి, ఏ మూల నీళ్లు నిలిచాయి, ఏ రోజు గాలికి పైరు పడింది, అన్నీ కుడివైపు పేజీలో మాటల్లో ఉండాలి. అంకెలు ఎడమవైపు. ఆరునెలల తరవాత ఒక మడి అంకె విడ్డూరంగా కనిపించినప్పుడు కుడిపేజీ తిప్పితే కారణం అక్కడ దొరికేది.

పటకారు

ఆయన అసలు సబ్జెక్టు ప్లాంట్ బ్రీడింగ్, కొత్త పంట రకాలు పుట్టించే విద్య. ఎంత ఆఫీసు పనున్నా వరి పూతకొచ్చే వారాల్లో సాయంత్రం నాలుగింటికి ఫైళ్లు మూసేసి ఫామ్‌కి వచ్చేసేవారు. అటెండరుకి కూడా తెలుసు, ఆ వేళకి ఎవరొచ్చినా "మడిలో ఉన్నారు, అక్కడికే పోండి" అని పంపేసేవాడు.

వరి పువ్వు తన పుప్పొడి తనే వేసుకుంటుంది. ఒక్కో పువ్వులో ఆరు కేసరాలు. పొద్దున తొమ్మిదికీ పదకొండున్నరకీ మధ్య విచ్చుకుని గంటలోపే మూసుకుంటుంది. విచ్చుకునే సమయానికే పుప్పొడి రాలిపోతుంది. అందుకని రెండు రకాల్ని సంకరం చేయాలంటే, ఆడమొక్కగా పెట్టుకున్న రకంలో ముందురోజు సాయంత్రమే కేసరాలు తీసెయ్యాలి.

పోటాకు (అన్నిటికంటే పై ఆకు) తొడుగులోంచి వెన్ను, అంటే వరి కంకి, సగం కంటే కొంచెం ఎక్కువ బయటికొచ్చిన పిలకని ఎంచుకోవాలి. వెన్ను కొసన ఉన్నవి అప్పటికే పూసి ఉంటాయి, వాటిని కత్తిరించి పారేయాలి. అడుగువి మరీ లేతవి, వాటినీ తీసేయాలి. మధ్యలో ముప్ఫై నలభై పూలు మిగిలితే చాలు. ఆశపడి ఎక్కువ ఉంచుకుంటే చీకటి పడేలోపు పని తెమలదు, ఆఖరివాటిలో కేసరాలు మిగిలిపోతాయి. పువ్వుని వెలుతురుకి ఎదురుగా పెడితే లోపలి కేసరాలు నీడలా కనిపిస్తాయి. అవి పువ్వులో సగం ఎత్తుకి చేరి ఉంటే ఆ పువ్వు మర్నాడు విచ్చుకుంటుందని గుర్తు.

చిన్న కత్తెరతో పువ్వు పైన మూడో వంతు ఏటవాలుగా కత్తిరించాలి. కిందికి దిగితే కీలాగ్రం తెగుతుంది. సన్నమొన పటకారు లోపలికి పెట్టి కేసరాన్ని కింద కాడ దగ్గర పట్టుకోవాలి. పైన పుప్పొడి తిత్తి దగ్గర పట్టుకుంటే చితికి పుప్పొడి లోపలే పడుతుంది. ఆరూ లెక్కపెట్టి తియ్యాలి. ఐదు తీసి ఆరోది మర్చిపోతే ఆ పువ్వు నిశ్చింతగా తన గింజ తనే కట్టుకుంటుంది. చూడ్డానికి సంకరపు గింజలాగే ఉంటుంది. వచ్చే పంటకాలంలో నాటి, పెంచి, పూత చూశాక గానీ అది అచ్చం తల్లి మొక్కేనని తెలీదు. పువ్వు మారినప్పుడల్లా పటకారు మొన స్పిరిట్‌లో ముంచి తుడవాలి. అయ్యాక బటర్ పేపర్ సంచి తొడిగి అడుగున క్లిప్పు.

మర్నాడు తొమ్మిదింటికి మగరకం వెన్నులు కోసి నీళ్ల గ్లాసులో పెట్టి ఎండ తగిలేచోట ఉంచేవాళ్లం. పూలు విచ్చుకుని పసుప్పచ్చ తిత్తులు బయటికి వేలాడగానే, ఆడ వెన్ను సంచి తీసి, పైన మగ వెన్ను పట్టుకుని మెల్లిగా తట్టడమే. పుప్పొడికి ఆయుష్షు నిమిషాల్లో ఉంటుంది, ఐదు దాటితే నమ్మకం లేదు. గాలి ఉంటే వెనకాల ఒకరు అట్ట పట్టుకుని నిలబడాలి. మళ్లీ సంచి, దానికి చీటీ. చీటీ మీద ఆడరకం పేరు ముందు, తరవాత ఇంటూ గుర్తు, మగరకం పేరు, కేసరాలు తీసిన తేదీ, పుప్పొడి వేసిన తేదీ, పూల సంఖ్య, చేసినవాళ్ల పొడి అక్షరాలు. ఇవీ పెన్సిల్‌తోనే. నాలుగైదు రోజులకి సంచి తీసి చూస్తే పట్టినవి పట్టనివి తెలిసిపోతాయి. పాతిక ముప్ఫై రోజులకి కోత. పైన కత్తిరించాం కాబట్టి గింజకి సగం చొక్కానే ఉంటుంది, బూజు త్వరగా పడుతుంది. నీడన ఆరబెట్టి కాగితం కవర్లో దాచి, మొలక పెట్రీ డిష్‌లో తెప్పించి తరవాత కుండీలోకి మార్చాలి. అన్నిటితో కలిపి నారుమడిలో చల్లేసిన వాళ్లకి దక్కేది ఏమీ ఉండదు.

వేడినీళ్ల పద్ధతి కూడా చూపించేవారు. ఫ్లాస్కులో 43 డిగ్రీల నీళ్లు, వెన్నుని ఐదు నిమిషాలు ముంచి ఉంచాలి. పుప్పొడి చచ్చిపోతుంది, కీలాగ్రం తట్టుకుంటుంది. బయటికి తీశాక విచ్చుకున్న పూలు ఉంచి, విచ్చుకోనివి కత్తిరించెయ్యాలి. రెండు డిగ్రీలు ఎక్కువైతే రెండూ పోతాయి, తక్కువైతే రెండూ బతుకుతాయి. థర్మామీటరు లేకుండా వేలు పెట్టి చూసే ధీమా కుర్రాళ్లు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. వాళ్ల వెన్నుల మీద చీటీలే మిగిలేవి.

ఆయన నేర్పే తీరులో ఒక క్రమం ఉండేది. మొదటి వెన్ను తనే గోనె పట్టా మీద గొంతుక్కూర్చుని చేసేవారు, మాట్లాడకుండా. రెండోది మన చేత చేయిస్తూ పక్కనే కూర్చునేవారు. చెయ్యి వణికితే, "ఊపిరి పక్కకి వదలండి, పువ్వు మీదికి కాదు. మోచెయ్యి మోకాలికి ఆనించండి" అనేవారు. మోచెయ్యి ఆనగానే నిజంగానే వణుకు ఆగుతుంది. మూడో వెన్ను దగ్గర లేచి వెళ్లిపోయేవారు. అది కావాలనే చేసేవారని చాలా రోజులకి గానీ అర్థం కాలేదు. దూరంగా గట్టు మీద నిలబడి ఎటో చూస్తున్నట్టుండేవారు, అయినా ఎవరి పూల సంఖ్య ఎంతో ఆయనకి తెలిసేది.

గట్టు వరసలు

కోత రోజు ఫామ్‌లో హడావిడి వేరు. ముఠా వాళ్లు తెల్లారేసరికి కొడవళ్లు నూరుకుని వచ్చేవాళ్లు. వాళ్లకి పని తొందర, మాకు లెక్క తొందర. ప్రయోగం మడి చుట్టూ రెండు వరసలు ముందుగా కోసి పక్కకి తీసేయాలి, ఆ తరవాతే అసలు కోత. గట్టు పక్క దుబ్బులకి వెలుతురు ఎక్కువ, వేళ్లు పాకే చోటెక్కువ. పిలకలు బలంగా వేస్తాయి. వాటిని కలుపుకుంటే దిగుబడి ఉబ్బుతుంది.

మడి 5 మీటర్లు, 4 మీటర్లు అనుకోండి. నాట్లు 20 సెంటీమీటర్లు, 15 సెంటీమీటర్ల దూరం. అటూ ఇటూ రెండు వరసలు, చివర్లలో రెండేసి దుబ్బులు వదిలేస్తే మిగిలేది 4.4 మీటర్లు, 3.2 మీటర్లు, అంటే 14.08 చదరపు మీటర్లు. దీన్ని హెక్టారుకి మార్చాలంటే 710తో హెచ్చవేయాలి. కళ్లంలో ఒక కిలో అటూ ఇటూ అయితే కాగితం మీద హెక్టారుకి 710 కిలోలు అటూ ఇటూ అవుతుంది. "కిలోయే కదా అనకండి" అన్నది ఆయన మాటగా ఫామ్‌లో అందరికీ కంఠతా.

తేమ సంగతీ అంతే. పొద్దున తూచిన వడ్లూ సాయంత్రం తూచిన వడ్లూ ఒకటి కావు. అన్నిటినీ 14 శాతం తేమకి తేవాలి. తూకాన్ని వందలోంచి తేమ తీసేసిన అంకెతో హెచ్చవేసి 86తో భాగించాలి. 20 శాతం తేమతో 8.5 కిలోలు తూగిన మడి అసలు దిగుబడి 7.9 కిలోలే. ఈ సవరణ చెయ్యని థీసిస్ ఆయన టేబుల్ మీదికి వస్తే మొదటి పట్టిక దగ్గరే ఆగిపోయేది.

వెయ్యి గింజల బరువు తీసేటప్పుడు గింజలు ఏరుకోవడానికి వీల్లేదు. కుప్పలోంచి కళ్లు మూసుకుని తీసినట్టు తీసి, తాలు తప్ప ఏది వస్తే అది లెక్కపెట్టాలి. బాపట్లలోనే పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, సాంబ మసూరి అని అందరూ తినేది, వెయ్యి గింజలు పద్నాలుగు పదిహేను గ్రాములకి మించదు. ఎవరైనా పద్దెనిమిది అని రాస్తే, "గింజలు మీరు ఏరుకున్నారా, గింజలే మారాయా?" అని అడిగేవారు. రెండోదే నిజమైన సందర్భాలూ ఉన్నాయి. సంచి మీద చీటీ ఊడిపోయి ఇంకోటి అంటించినప్పుడు అలా అవుతుంది. అందుకే ఆయన దగ్గర ప్రతి సంచికీ రెండు చీటీలు, ఒకటి బయట కట్టింది, ఒకటి లోపల వేసింది.

ఫ్యాసిట్ మోత

స్టాటిస్టిక్స్ గదిలో ఫ్యాసిట్ యంత్రాలుండేవి. చేత్తో తిప్పే లెక్కల యంత్రం. ముందుకి తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత. అంకె సున్నా దాటి కిందికి పోతే టింగుమని గంట కొట్టేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాలుగైదు యంత్రాలు కరకరమని ఒకేసారి తిరుగుతుంటే, మధ్యమధ్య గంటలతో ఆ గది దగ్గర నిద్ర వచ్చే ప్రసక్తే లేదు.

ఎనిమిది రకాలు, మూడు రెప్లికేషన్లు, అంటే ఒక్కో రకం మూడేసి మడుల్లో. ఎర్రర్‌కి, అంటే రకంతో సంబంధం లేకుండా వచ్చే తేడాలకి, పద్నాలుగు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. ఆ పద్నాలుగుకి టీ పట్టికలో 5 శాతం దగ్గర 2.145. ఈ అంకె మా బ్యాచి వాళ్లని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. డీన్ గారి నియమం ఏమిటంటే ఒకే లెక్క ఇద్దరు విడివిడిగా చెయ్యాలి, ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. రెండు జవాబులూ కలిస్తేనే ముందుకి. మొత్తంలోంచి రకాలదీ రెప్లికేషన్లదీ తీసేశాక ఎర్రర్ మైనస్‌లోకి వచ్చిందంటే ఎక్కడో అంకె వర్గం (స్క్వేర్) తప్పు చేసినట్టే. అది మాత్రం ఎవరికి వాళ్లే పట్టుకోవచ్చు.

రెండు రకాల మధ్య తేడా క్రిటికల్ డిఫరెన్స్ కంటే, అంటే తేడా నిజమేనని నమ్మడానికి ఉండాల్సిన కనీసం కంటే తక్కువైతే, "ఈ రకం కొంచెం మెరుగు" అని రాయనిచ్చేవారు కాదు. సమానమే అని రాయాలి. ఏడాది కష్టపడ్డ కుర్రాడికి ఆ మాట రాయడం కడుపుకోత. అప్పుడు మాత్రం పిలిచి కూర్చోబెట్టి, టీ తెప్పించి, "రెండూ సమానమని తేల్చారు కదా, రైతు ఇక చవకైన విత్తనం కొనుక్కుంటాడు. అది ఫలితం కాదా?" అనేవారు.

థీసిస్ చిత్తుప్రతుల్ని కూడా పెన్సిల్‌తోనే దిద్దేవారు. ఎర్ర సిరా ఆయన టేబుల్ మీద చూసినవాళ్లు లేరు. మార్జిన్‌లో మూడే ప్రశ్నలు: ఎంత? ఎప్పుడు? ఎక్కడ? "పైరు బాగా ఎదిగింది" అని రాస్తే పక్కన "ఎంత?". "తగినంత నీరు పెట్టాం" అంటే పక్కన "ఎంత? ఎప్పుడు?". ఒక పేజీలో పది ప్రశ్నలుంటే ఆ పేజీని మళ్లీ పొలంలో వెతుక్కోవాలి. సగం మంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లం. ఇంగ్లీషు వాక్యం సరిగా రాకపోతే ఆయన దిద్దేవారు కాదు. "ముందు తెలుగులో చెప్పండి" అని, విన్నాక, "ఇప్పుడు చెప్పిందే చిన్న చిన్న వాక్యాలుగా రాసుకురండి" అనేవారు. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు పక్కన కూర్చుని మొదటి ప్రశ్న తనే వేసేవారు, ఆ విద్యార్థికి తప్పకుండా తెలిసినదే. రకం పేరు, దాని తల్లిదండ్రులు, కాలం ఎంత, ఇంతే. గొంతు పెగిలాక మిగతాది అదే నడిచేది.

దుబ్బుతో సహా తెండి

సోమవారం పొద్దున ఆఫీసు వరండాలో రైతులుండేవాళ్లు. రుమాల్లో నాలుగు ఆకులు చుట్టుకుని తెచ్చి, "అయ్యా, ఇది చూసి మందు చెప్పండి" అనేవాళ్లు. ఆయన ఆకు చూసేవారు గానీ మందు చెప్పేవారు కాదు. "ఆకుతో చాలదండీ. దుబ్బు వేళ్లతో సహా పెకిలించి తెండి. పక్కనే బాగున్న దుబ్బు కూడా ఒకటి తెండి." తరవాత ప్రశ్నలు. ఏ రకం? నాట్లు ఊడ్చి ఎన్నాళ్లయింది? మడంతా ఉందా, చాళ్లు చాళ్లుగా ఉందా, గుండ్రంగా మచ్చల్లా ఉందా? పక్కచేనుకి కూడా వచ్చిందా? ఇప్పటిదాకా ఏమేం కొట్టారు? ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు అన్నిటికంటే పొడుగ్గా ఉండేది.

ఊడ్చిన రెండు నుంచి నాలుగు వారాల్లో ముదురాకుల చివర్లలో, మధ్య ఈనెకి రెండు పక్కలా తుప్పు మచ్చలు వచ్చి, పైరు గిడసబారితే అది తెగులు కాదు, జింకు లోపం. దానికి తెగులు మందు రెండుసార్లు కొట్టి వచ్చినవాళ్లు ఎందరో. లీటరు నీళ్లకి 2 గ్రాముల జింకు సల్ఫేటు, ఎకరాకి 200 లీటర్లు అంటే 400 గ్రాములు, ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చెయ్యాలి. పురుగు మందుతో కలపకూడదు. దమ్ములో వేసే జింకు అయితే భాస్వరం ఎరువుతో కలిపి వెయ్యకూడదు. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి కట్టేసుకుని మొక్కకి ఏదీ అందదు.

అదే గుండ్రంగా, సుడి తిరిగినట్టు ఎండితే దుబ్బు మొదట్లో చూడాలి, సుడిదోమ. ఆకుల మీద మందు కొడితే దానికి తగలదు. ముందుజాగ్రత్తగా ఊడ్పులప్పుడే ప్రతి రెండు మీటర్లకి 20 సెంటీమీటర్ల బాటలు, తూర్పు పడమరలుగా వదలమని ఊరూరా చెప్పేవారు. అంత నేల వృథా అనేవాళ్లు రైతులు. ఆయన వాదించేవారు కాదు. "ఒక్క మడిలో వదిలి చూడండి, మిగతాది మీ ఇష్టం" అని వచ్చేసేవారు. ఆఖరి ఏడాది పల్లెల్లో ఉండి పనిచేసే విద్యార్థుల్ని మరుసటి నెల ఆ ఒక్క మడి చూసి రమ్మనేవారు.

ఉత్తరాలకి జవాబు కార్డు మీదే. మొదటి వాక్యంలో అది ఏమిటో, రెండో వాక్యంలో ఈ రోజు ఏం చెయ్యాలో మందు కొట్టే ట్యాంకు లెక్కతో, మూడో వాక్యంలో ఏం చెయ్యకూడదో. నాలుగో వాక్యం ఉండేది కాదు, చోటూ ఉండేది కాదు. ఈ కార్డులు విద్యార్థుల చేత రాయించేవారు, చదివి, కింద సంతకం పెట్టేవారు. విశ్వవిద్యాలయం వేసే వ్యవసాయ పంచాంగంలో పేజీ పట్టే విషయాన్ని మూడు వాక్యాల్లోకి దించడం అలా వచ్చింది మాకు.

మండె

విత్తనాల గదిలో మొలక పరీక్షకి 400 గింజలు, వందేసి చొప్పున నాలుగు చుట్లు. తడి కాగితంలో వరసగా పేర్చి, మైనపు కాగితంతో చుట్టి నిలబెట్టాలి. ఐదో రోజు ఒకసారి, పద్నాలుగో రోజు ఆఖరిసారి లెక్క. వందకి 80 మొలిస్తే విత్తనం పాసు. నాలుగు చుట్లలో ఒకటి 92, ఒకటి 70 వస్తే సగటు చూసి సంతోషపడకూడదు, పరీక్షే మళ్లీ చెయ్యాలి. కాగితం ఒకచోట ఆరిపోయి ఉంటుంది, లేదా నీళ్లు ఎక్కువై గింజకి గాలి అందక కుళ్లి ఉంటుంది.

కోసిన కొత్తలో కొన్ని రకాలు మొలవవు. చచ్చిన గింజ కాదది, నిద్రలో ఉన్న గింజ. దానికి లీటరు నీళ్లలో 6.3 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం, నిద్ర ఎక్కువుండే రకాలకి 10 మిల్లీలీటర్లు కలిపి, 24 గంటలు నానబెట్టి, కడిగి, 24 గంటలు మండె కట్టాలి. ఆమ్లాన్ని నీళ్లలో పొయ్యాలి, నీళ్లని ఆమ్లంలో ఎప్పుడూ పొయ్యకూడదు, చిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్టే వాడాలి, ఇనప బకెట్టు తినేస్తుంది. మండె గోనె మరీ బిగించి కట్టొద్దు, మధ్యలో వేడెక్కుతుంది. ఒక్కో పూట గోనె మీద నీళ్లు చల్లి, సంచి అటూ ఇటూ తిప్పాలి. ముక్కు పెట్టి చూడడం ఇక్కడే. ఆయన తలుపు దగ్గరే నిలబడి, "మూడో సంచి విప్పేయండి, ఇంక ఆగదు" అనేవారు. అటెండరు విప్పితే నిజంగానే మొలక తెల్లగా కనిపించేది.

ఆఫీసు గదిలో ఆయన ఎలా ఉండేవారో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఫైలు వచ్చిన రోజే తిరిగి వెళ్లేది. సంక్రాంతి సెలవులకి ముందు రైలు రాయితీ ఫారాలు సంతకం కోసం ఒక్కసారే గుట్టపడేవి. ఆయన సీలు, స్టాంపు ప్యాడ్ సంచిలో వేసుకుని సాయంత్రం హాస్టల్ వరండాకే వచ్చేసేవారు. మెస్ బిల్లు బాకీ ఉన్నవాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టనిచ్చేవారు కాదు. వార్డెన్ చీటీ రాసి విడిగా పిలిచి ఇవ్వాలి. ఎవరి ఫీజు ఎవరు కట్టారో కొన్నిసార్లు రసీదులో కూడా ఉండేది కాదు.

రిటైరయ్యాక సొంతూళ్లో రెండెకరాలు చేశారు. పూత వేళ కేళీలు, అంటే మడిలో కలిసిన వేరే రకం మొక్కలు, ఏరడానికి తెల్లారకముందే మడిలో దిగేవారు. ఎత్తు తేడా, పోటాకు తీరు, వెన్ను రంగు చూసి తీసేసేవారు, వేళ్లతో సహా. పైనుంచి తుంచేస్తే పిలక మళ్లీ వస్తుంది. కోత యంత్రాలు వచ్చాక ఆయనకి ఒకే బెంగ, కల్తీ. పక్కచేలో వేరే రకం కోసి వచ్చిన యంత్రంలో గింజలు మిగిలే ఉంటాయి. జల్లెడలు, గింజల ట్యాంకు, ఎలివేటరు అడుగు ఊదించి శుభ్రం చేయించినా, మొదట పడ్డ బస్తాలు మిల్లుకే పంపమనేవారు. విత్తనానికి పక్కకి తీసేది మడి నడుమ కోసిన వడ్లే, అవీ విడిగా పట్టా మీద ఆరబెట్టి 13 శాతం తేమకి వచ్చాకే సంచికెత్తాలి.

చివరిగా మా బ్యాచి వాళ్లకీ, ముందూ వెనకా బ్యాచుల వాళ్లకీ ఒక మాట. ఆయన పెన్సిల్ రాతలున్న ఫీల్డ్ పుస్తకాలు, దిద్దిన థీసిస్ కాగితాలు చాలామంది ఇళ్లలో అటకల మీద ఉన్నాయి. ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వెయ్యకండి, పెన్సిల్ గీత మెరిసి అక్షరం పోతుంది. కిటికీ పక్కన పగటి వెలుతురులో, పుస్తకం ఒకవైపు కొంచెం ఎత్తి పెట్టి తియ్యండి. కుడిపేజీలు వదలొద్దు. అంకెలు ఎక్కడైనా దొరుకుతాయి, ఏ మడిలో గేదెలు పడ్డాయో ఆ పేజీలోనే ఉంది.